బంతి ఎగరకముందు



ఇవాళ గోల్ఫ్ గురించి మాట్లాడబోతున్నాను. ఇబ్రహీంపట్నం మనిషికి గోల్ఫ్‌తో ఏం పని అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. మా వైపు చెరువు ఉంది, సాగర్ రోడ్డు ఉంది, రోడ్డుకు అటూ ఇటూ ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి, కొంగరకలాన్‌లో జిల్లా కలెక్టరేట్ ఉంది. గోల్ఫ్ మాత్రం మా అరుగుల మీది కబుర్లలో వినిపించదు. నేనూ ఆ ఆట ఆడను. అయినా ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. గోల్ఫ్‌లో దారి తప్పిన బంతి ఎవరికి తగులుతుంది? ఆడేవాళ్లకు తగులుతుంది, నిజమే. గడ్డి కోసేవాళ్లకూ తగులుతుంది, సంచి మోసే క్యాడీకి తగులుతుంది, ప్రహరీ అవతల రోడ్డు మీద ఆటో నడుపుకునేవాడికి తగులుతుంది. ఆడేవాళ్లు ఎక్కడివాళ్లైనా కావచ్చు. ఆ మైదానంలో కూలికి పోయేవాళ్లు, ఆ పక్కనుంచి పోయేవాళ్లు మాత్రం మనవాళ్లు.

పైగా నగరం మా వైపుకు నడిచి వస్తోంది. ఔటర్ రింగ్ రోడ్డు మీంచి బొంగుళూరు గేటు దగ్గర దిగి, ఆదిభట్ల వైపు ఒకసారి చూడండి. నిన్నటి పొలం ఇవాళ ప్లాటు. ప్లాట్ల పక్కన ఆట స్థలాలు లేస్తున్నాయి. ఇవాళ క్రికెట్ నెట్లు, రేపు ఇంకేదో. కాబట్టి బంతి, దెబ్బ, బాధ్యత అనే ఈ మూడింటి లెక్క ముందే తెలుసుకుంటే మంచిది.

ముందు బంతి సంగతి. గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, అడ్డకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంటే క్రికెట్ బంతి బరువులో మూడో వంతు కూడా లేదు. చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ డ్రైవర్ అనే పొడుగాటి కర్రతో మామూలు ఆటగాడు గట్టిగా కొడితేనే గంటకు 200 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. వృత్తి ఆటగాళ్లైతే 270 దాటిస్తారు. క్రికెట్‌లో మహా వేగంగా వేసే బౌలరు కూడా గంటకు 150, 160 దగ్గరే ఆగిపోతాడు. ఇంకో సంగతి ఉంది. క్రికెట్ బంతి పెద్దది కనుక ముఖానికి తగిలినా కంటి చుట్టూ ఉండే ఎముక గట్టు కొంత అడ్డుకుంటుంది. గోల్ఫ్ బంతి కొలత దాదాపు ఆ కంటి గుంత వెడల్పే. అందుకే ఆ ఆటలో దెబ్బలు అరుదైనా, కంటికి తగిలితే చూపు దక్కడం కష్టం.

మరి బంతి దారి ఎందుకు తప్పుతుంది? కర్ర మొహం బంతిని నిటారుగా తాకాలి. ఏ కొంచెం పక్కకు తెరుచుకుని తాకినా బంతి ఒక వైపు వాలి తిరుగుతుంది. బంతి మీద చిన్న చిన్న గుంతలు ఉంటాయి చూడండి, అవే దాన్ని గాలిలో అంతదూరం మోస్తాయి. తిరుగుడు వంకరైతే ఆ గుంతలే దాన్ని పక్కకు లాక్కుపోతాయి. కుడిచేతి ఆటగాడి బంతి అలా కుడివైపుకు వంగిపోతే దాన్ని స్లైస్ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో, వారానికి ఒకరోజు ఆడేవాళ్లలో ఎక్కువమందికి వచ్చే జబ్బు ఇదే. ఇది గుర్తుపెట్టుకోండి. దారి తప్పిన బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలియదనుకుంటాం. చాలావరకు తెలుసు. కుడివైపుకే పోతుంది. మైదానం గీసేవాళ్లకు ఇది ఓనమాలు.

బంతి తప్పిందని తెలియగానే కొట్టినవాడు ‘ఫోర్’ అని గట్టిగా అరవాలి. ఇది ఆ ఆటలో పాత ఆచారం. ఆ కేకకు విలువ ఉంది, లెక్క వేసి చూద్దాం. 200 మీటర్ల దూరం పోయే బంతి గాలిలో అయిదు సెకన్ల దాకా ఉంటుంది. శబ్దం ఆ దూరాన్ని అర సెకను పైచిలుకులో దాటుతుంది. కొట్టినవాడు వెంటనే అరిస్తే అవతలి మనిషికి మూడు, నాలుగు సెకన్లు మిగులుతాయి. తల కాచుకోవడానికి అది చాలు. కానీ గడ్డి కోసే మిషను మీద కూర్చున్నవాడికి ఆ కేక వినపడుతుందా? చెవుల్లో పాట పెట్టుకున్నవాడికి? ఎదురుగాలిలో? ప్రహరీ అవతల హారన్ల మధ్య స్కూటర్ మీద పోయే ఆమెకు?

నాకు తెలిసిన ఒకామె, మా మండలం మనిషే, నగరంలో ఒక గోల్ఫ్ మైదానంలో కొన్నాళ్లు కలుపు తీసే పనికి పోయింది. “బంతులు పడుతుంటాయి కదమ్మా, భయం వేయదా?” అని అడిగాను. “భయమైతే ఉంటది సార్. వాళ్లు దూరంకెళ్లి ఒర్రుతరు. ఏమని ఒర్రుతరో మాకేం ఎరుక? ఏమైందోనని తలకాయ లేపి సూస్తం” అంది. నా గుండె ఝల్లుమంది. కేక వినగానే తల ఎత్తి చూడటం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. ముఖం నేరుగా బంతికి అప్పగించినట్టే. ఆమెను కాపాడటానికి పుట్టిన కేకే ఆమె ముఖాన్ని పైకి లేపుతోంది. అరిచినవాడు తన వంతు అయిపోయిందనుకుంటున్నాడు. ఆమెకు ఆ అరుపుకు అర్థం ఏమిటో, అప్పుడు ఏం చేయాలో పనిలో చేరిన రోజున ఎవరూ చెప్పలేదు.

ఆట నియమాల పుస్తకం ఈ విషయంలో తప్పు చేసిందని అనలేం. స్కాట్లాండ్‌లోని ఆర్ అండ్ ఏ, అమెరికా గోల్ఫ్ సంఘం కలిసి ఆ పుస్తకం అచ్చేస్తాయి. 2019కి ముందున్న పుస్తకంలో మర్యాదల అధ్యాయం ఒకటి ప్రత్యేకంగా ఉండేది. ముందున్నవాళ్లు బంతి దూరం దాటేదాకా కొట్టకూడదని, దగ్గరలోనో ముందువైపునో మైదానం పనివాళ్లు ఉంటే కొట్టేముందే వాళ్లకు చెప్పాలని అందులో రాసి ఉంది. కేక వేయడం ఆ తర్వాతి మాట. 2019లో పుస్తకాన్ని కొత్తగా రాసినప్పుడు ఆ అధ్యాయాన్ని కుదించి, ఇతరుల భద్రత చూసుకోవడం ఆటగాడి నడవడికలో భాగమని మొదటి నియమంలోనే చేర్చారు. అంటే వరస స్పష్టంగా ఉంది. మొదట చూడు, ఆగు, చెప్పు, కొట్టు. అప్పటికీ తప్పితే అరువు. మనవాళ్లు ఈ వరసలో చివరిదాన్ని మాత్రం బాగా నేర్చుకున్నారు.

అనుభవం లేనివాళ్లే ఇలా కొడతారనుకోకండి. 1995 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఒక పోటీలో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్, మాజీ అధ్యక్షులు ఫోర్డ్, పెద్ద బుష్ కలిసి ఆడారు. బుష్ కొట్టిన బంతీ, ఫోర్డ్ కొట్టిన బంతీ చూడటానికి వచ్చినవాళ్లకు తగిలాయి. అప్పట్లో లోకం నవ్వుకుంది. 2018 సెప్టెంబరు 28న పారిస్ దగ్గర రైడర్ కప్‌లో జరిగినదానికి ఎవరూ నవ్వలేదు. ఆ రోజుల్లో ప్రపంచంలో ముందు వరసలో ఉన్న ఆటగాడు బ్రూక్స్ కెప్కా ఆరో టీ నుంచి, అంటే బంతిని మొదట పెట్టి కొట్టే చోటు నుంచి, కొట్టిన బంతి జనంలోకి పోయి ఒకామె కుడికంటికి తగిలింది. ఆ కన్ను పోయింది. తాము కేకలు వేశామని ఆటగాడి వైపు వాళ్లు అన్నారు. తనకేమీ వినపడలేదని ఆమె అంది. ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. కేక మీద ఆధారపడితే ఇంతే.

ఇక మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో గోల్ఫ్ అనగానే చాలామందికి గచ్చిబౌలి దగ్గరి బౌల్డర్ హిల్స్ గుర్తొస్తుంది. నాకు మాత్రం గోల్కొండలోని నయా ఖిల్లా గుర్తొస్తుంది. కోటగోడల లోపలే గోల్ఫ్ మైదానం, ఆ గోడల లోపలే ముల్లా ఖయాలీ మసీదు, అక్కడే ‘హతియన్ కా ఝాడ్’ అని పేరుపడ్డ వందల ఏళ్ల బావోబాబ్ మాను. ఒకరు ఆటకు వస్తారు, ఇంకొకరు చరిత్ర చూడటానికి వస్తారు. ఇద్దరూ ఒకే పచ్చిక పక్కన నడవాలి. వారసత్వ కట్టడాల మధ్య ఆటస్థలం ఉండాలా వద్దా అన్న గొడవ వేరే ఉంది, దాని జోలికి ఇప్పుడు పోను. నాకు ఆసక్తి కలిగించేది ఆ గోడ పుట్టుక. 1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చాక, పక్కనే ఉన్న గుట్టను శత్రువు పట్టుకుంటే కోట లోపలికి గురి కుదురుతుందని అబ్దుల్లా కుతుబ్ షా గ్రహించాడు. ఆ గుట్టను కలుపుకుంటూ కొత్త గోడ కట్టించాడు. అదే నయా ఖిల్లా. గుండు ఎటునుంచి రాగలదో ముందే చూసి, దాన్నిబట్టి గోడ గీశారు. ఇవాళ అదే నేల మీద ఎగిరే గుండ్లు వేరే, అంతే తేడా.

అబ్దుల్లా ముత్తాత ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీదే మా ఊరు ఉంది, మా పెద్ద చెరువు ఉంది. చెరువు కట్టే పెద్దలకు ఒక పద్ధతి ఉండేది. కట్ట వేయకముందే అలుగు ఎక్కడో నిర్ణయించేవాళ్లు. ఏదో ఒక ఏడు నీళ్లు నిండి పొర్లుతాయి, ఆ పొర్లిన నీళ్లు ఊరి మీద పడకుండా వాగులోకి పోయేలా దారి ముందే వదిలేవాళ్లు. ఆట మైదానానికీ అలుగు కావాలి. వెయ్యి బంతుల్లో కొన్ని తప్పకుండా పొర్లుతాయి. అవి పోయి పడేచోట చెట్లున్నాయా, ఖాళీ నేల ఉందా, లేక బస్‌స్టాపు ఉందా? ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద మైదానం గీసిన రోజే దొరకాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది. మిగిలినదంతా దానికి సాక్ష్యం.

సాక్ష్యం మొదటిది ఇంగ్లండ్‌లోని కెంట్ తీరం నుంచి. 1919 ఆగస్టులో ఒక టాక్సీ డ్రైవరు రోడ్డు మీద పోతున్నాడు. పక్కనే సెయింట్ అగస్టీన్స్ గోల్ఫ్ మైదానం. పదమూడో టీ నుంచి కొట్టిన బంతి స్లైస్ అయి రోడ్డు మీదికి వచ్చి అతని కారు అద్దం పగలగొట్టింది. గాజు పెంకు గుచ్చుకుని ఒక కన్ను పోయింది. 1922లో తీర్పు వచ్చింది. అదే టీ నుంచి బంతులు అదే రోడ్డు మీదికి తరచూ వస్తున్నాయని సాక్ష్యాలు తేల్చాయి. తరచూ వస్తున్నాయని తెలిసీ టీని అక్కడే ఉంచారు కనుక క్లబ్బు బాధ్యత వహించాల్సి వచ్చింది. ఆ రోజు ఆ ఆటగాడు ఎంత చెడ్డగా కొట్టాడన్నది కోర్టుకు అంత ముఖ్యం కాలేదు. టీ పెట్టిన చోటే తప్పన్నమాట.

రెండోది క్రికెట్ కథ, దీనికి సరిగ్గా ఎదురు. 1947లో మాంచెస్టర్‌లో తన ఇంటి ముందు నిలబడ్డ ఒక స్త్రీకి మైదానంలోంచి సిక్సరుగా వచ్చిన బంతి తగిలింది. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయింది. ముప్పై ఏళ్లలో ఓ ఆరుసార్లు మాత్రమే బంతి ఆ కంచె దాటిందని తేలింది. 1951లో క్లబ్బు తప్పు లేదని తీర్పు చెప్పారు. ఆమెకు అన్యాయం జరిగిందనే నాకు అనిపిస్తుంది. కానీ అదే తీర్పులో లార్డ్ రీడ్ ఒక మాట అన్నాడు. ప్రమాదం చెప్పుకోదగ్గంత ఉండి, దాన్ని తప్పించి ఆడటం కుదరకపోతే అసలు ఆ చోట క్రికెట్ ఆడనే కూడదని దాని సారాంశం. ఆటను ఎంతో ఇష్టపడే దేశంలో ఒక పెద్ద న్యాయమూర్తి చెప్పిన మాట ఇది. రెండు తీర్పులనూ పక్కపక్కన పెడితే తేలేది ఒక్కటే, ఇదివరకు ఎన్నిసార్లు వచ్చిందన్నదే అసలు లెక్క. అందుకే మైదానం పక్కన ఉండేవాళ్లు తమ వాకిట్లో బంతి పడ్డ ప్రతిసారీ తేదీ రాసి పెట్టుకోవడం మంచిది. విసుగు పనే. రేపు కోర్టులో ఆ నోటుపుస్తకమే మాట్లాడుతుంది.

మూడోది ప్లాట్లు కొనేవాళ్ల కోసం. డర్హమ్ ప్రాంతంలో లింట్జ్ అనే బొగ్గుగనుల ఊరు. డెబ్బై ఏళ్లుగా అక్కడ క్రికెట్ మైదానం ఉంది. 1970ల మొదట్లో దాని పక్కనే ఇళ్లు కట్టి అమ్మారు. కొన్నవాళ్ల పెంకుల మీద, కిటికీల మీద బంతులు పడసాగాయి. ‘మైదానం ముందుంది, మీరు తర్వాత వచ్చారు’ అని ఆడేవాళ్లు అన్నారు. 1977లో అప్పీలు కోర్టు ఆ వాదన మీద రెండుగా చీలింది. చివరికి నష్టపరిహారం ఇమ్మంది, ఆట మాత్రం ఆపలేదు. మన దగ్గర బ్రోషర్లో పచ్చని పచ్చిక బొమ్మ చూసి ‘వ్యూ’ కోసం ఎక్కువ ధర ఇచ్చేవాళ్లు, ఆ వ్యూలోంచి ఏం ఎగిరి రాగలదో కూడా అడగాలి. కొన్న తర్వాత అడిగితే లింట్జ్ వాళ్లలాగే పెంకుల డబ్బులు మిగులుతాయి.

నాలుగోది మన భారతీయుల కథే, జరిగింది అమెరికాలో. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో భారత సంతతి వైద్యులు కొందరు కలిసి గోల్ఫ్ ఆడేవాళ్లు. మంచి స్నేహితులు. 2002 అక్టోబరులో ఒకరోజు ఒకాయన తన బంతి వెతుక్కుంటూ ముందుకు నడిచాడు. వెనక ఉన్న స్నేహితుడు హెచ్చరించకుండానే కొట్టాడు. బంతి అడ్డంగా పోయి ముందున్నాయన కంటికి తగిలింది. ఆ కంటి చూపు పోయింది. కేసు ఆ రాష్ట్రంలోని పై కోర్టు దాకా వెళ్లింది. 2010 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఆటలో దిగినవాడు ఆటలోని ప్రమాదాన్ని ఒప్పుకునే దిగుతాడు, బంతి పక్కకు పోవడం ఆ ఆటలో ఉండేదే, కేక వేయకపోయినంత మాత్రాన బాధ్యుడు కాడు అన్నారు.

ఈ నాలుగో తీర్పు విని చాలామంది ఆటగాళ్లు ధైర్యం తెచ్చుకుంటారు. తొందరపడకూడదు. అక్కడ దెబ్బ తిన్నది తోటి ఆటగాడు. కెంట్‌లో దెబ్బ తిన్న టాక్సీ డ్రైవరు ఏ ఆటకూ ఒప్పుకోలేదు, తన కిరాయి తాను చేసుకుంటున్నాడు. మరి కలుపు తీసే మా మండలం ఆడమనిషి? ఆమె మైదానం లోపలే ఉంది. అయినంత మాత్రాన ప్రమాదానికి ఒప్పుకున్నట్టా? ఆమె ఒప్పుకున్నది రోజు కూలికి. ఆటగాడు తన సరదాకు తానే లోపలికి వచ్చాడు. ఆమె ఇంటి అవసరానికి వచ్చింది. ఈ రెండు రాకలనూ ఒకే తక్కెడలో పెట్టడం నా దృష్టిలో న్యాయం కాదు.

మన చట్టం ఏమంటుంది? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 18వ సెక్షన్ ప్రమాదాల గురించి చెబుతుంది. పాత శిక్షాస్మృతిలో ఇది 80వ సెక్షన్. దాని కింద ఇచ్చిన ఉదాహరణ మన పల్లె మనిషికి వెంటనే అర్థమవుతుంది. ఒకడు గొడ్డలితో పని చేసుకుంటుంటే గొడ్డలి తల ఊడి ఎగిరిపోయి, పక్కన నిలబడ్డవాడికి తగిలి ప్రాణం పోయింది. పని చేసేవాడు తీసుకోవలసిన జాగ్రత్త తీసుకుని ఉంటే అది నేరం కాదు. జాగ్రత్త తీసుకుని ఉంటే అన్న ఆ షరతులోనే కిటుకు ఉంది. పిడి వదులైందని తెలిసీ గొడ్డలి ఎత్తినవాడికి ఆ సెక్షన్ అండ దొరకదు. ముందు మనుషులున్నారని కనపడుతూనే కర్ర ఎత్తినవాడికీ అంతే.

జాగ్రత్త లేదని తేలితే 125వ సెక్షన్ వస్తుంది. దురుసుగానో నిర్లక్ష్యంగానో చేసిన పనివల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తీవ్రమైన గాయమైతే మూడేళ్ల దాకా, జరిమానా 10,000 దాకా. ఒక కంటి చూపు శాశ్వతంగా పోతే చట్టం దాన్ని తీవ్రమైన గాయంగానే లెక్క వేస్తుంది. ఇవి శిక్షలు. దెబ్బ తిన్న మనిషికి డబ్బు రావాలంటే సివిల్ కోర్టులో నిర్లక్ష్యం నిరూపించాలి. ఏళ్లు పడుతుంది. అందుకే రాజీలు ఎక్కువ.

రోడ్డు పక్క ఆస్తి ఉన్నవాళ్ల గురించి మన సుప్రీంకోర్టు చెప్పిన మాట ఒకటుంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో టౌన్‌హాల్ ఎదుట గడియారపు స్తంభం ఉండేది. 1951లో అది కూలి మనుషులు చనిపోయారు. లోపల ఎక్కడో పాడైంది, బయటికి కనపడలేదు, మాకెలా తెలుస్తుంది అని మున్సిపల్ కార్పొరేషన్ వాదించింది. 1966లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నలుగురూ నడిచే దారి పక్కన కట్టడం ఉన్నవాడికి, దారిన పోయేవాళ్లకు దానివల్ల హాని జరగకుండా చూసే బాధ్యత ఉందని చెప్పింది. అది కూలే గోడల గురించి అన్న మాటే, ఎగిరే బంతుల గురించి కాదు. అయినా ఆ ఆలోచన దారి పొడవునా పనికొస్తుంది. కనపడని పగులుకే బాధ్యత ఉన్నప్పుడు, రోజూ కళ్లముందు కంచె దాటే బంతికి ఉండదా?

ఇన్సూరెన్సు మాటకు వస్తే నవ్వొచ్చే సంగతి ఒకటి. మన దేశంలో గోల్ఫర్స్ ఇండెమ్నిటీ అనే పాలసీ అమ్ముతారు. ఆటగాడి బంతి వేరేవాళ్లకు తగిలితే వచ్చే బాధ్యతను అది భరిస్తుంది. అతని కర్రలు పోతే భరిస్తుంది. ఒకే దెబ్బకు బంతి గుంతలో పడితే స్నేహితులకు విందు ఇవ్వడం ఆచారం, ఆ విందు ఖర్చునూ భరిస్తుంది. ఆనందానికి కూడా బీమా ఉంది. ఎగతాళికి చెప్పడం లేదు, వేరేవాళ్లకు తగిలితే అన్న ఆ భాగం కోసం ప్రతి ఆటగాడూ ఆ పాలసీ తీసుకోవాలనే నా సలహా. క్లబ్బులు సభ్యత్వంతోపాటు దాన్ని తప్పనిసరి చేసినా తప్పులేదు. క్యాడీలు చాలాచోట్ల నెల జీతగాళ్లు కారు, ఏ రోజు ఆటకు ఆ రోజు డబ్బులు. దెబ్బ తగిలి నెలరోజులు మంచాన పడితే అడిగే దిక్కు ఎవరన్నది కాగితం మీద ఉండదు. ఉండేలా చేయడం క్లబ్బు చేతిలో పని.

మా ఇబ్రహీంపట్నంలో ఎన్‌ఎస్‌జీ కమాండోల కేంద్రం ఉందని చాలామందికి తెలుసు. తుపాకీ పట్టేవాళ్లకు ఈ విషయంలో ఉన్న క్రమశిక్షణ బంతి పట్టేవాళ్లకు లేదు. ఫైరింగ్ రేంజి అన్నాక గురి తప్పిన తూటా ఎంతదూరం పోగలదో లెక్క వేసి, గురి వెనక అంత మేర ప్రమాద ప్రాంతంగా గుర్తిస్తారు. బహిరంగ ప్రదేశాల్లో సైన్యం కాల్పుల సాధన చేయాలంటే 1938 నాటి చట్టం ఒకటి ఉంది. ఊళ్లవాళ్లకు ముందుగా నోటీసు ఇవ్వాలి, ఆ సమయంలో మనుషులను దూరంగా ఉంచాలి, పంటకో ఆస్తికో నష్టం జరిగితే పరిహారం కట్టాలి. దేశరక్షణకు చేసే సాధనకే ఇన్ని షరతులు పెట్టిన మనం, సరదాకు ఆడే ఆట దగ్గర ‘ఏదో బంతి తగిలింది, పొరపాటు’ అని ఊరుకుంటాం.

గోల్ఫ్‌నే ఆడిపోసుకోవడం కూడా సరికాదు. మా వైపు ఎండాకాలం చెరువు శిఖంలో కుర్రాళ్లు క్రికెట్ ఆడతారు. దారి మీద పోయే ముసలాయన తలకు బంతి తగిలితే “జర చూసుకుని పోవాలె కద తాతా” అనేది మనమే. చూసుకోవలసింది తాతా, కొట్టినవాడా? కాలేజీ మైదానాల్లో ఒకే స్థలంలో మూడు జట్లు మూడు పిచ్‌లు వేసుకుని ఆడతాయి. ఒకరి మిడ్‌వికెట్ ఇంకొకరి స్లిప్. ఇక బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లకు నాలుగు వైపులా, పైన కూడా వల ఉంటుంది. చూసి సంతోషించాను. ఒక యజమానిని మెచ్చుకుంటే, “బంతి పోతే మళ్లీ కొనాలె కద సార్” అన్నాడు. దారిన పోయేవాళ్లు క్షేమంగా ఉంటున్నారు, కారణం ఏదైతేనేం.

గోల్ఫ్ మైదానంలో పనిచేసేవాళ్లకు, చూడటానికి పోయేవాళ్లకు ఇప్పుడు నేరుగా చెబుతున్నాను. దూరం నుంచి ‘ఫోర్’ అని కేక వినపడితే బంతి ఎక్కడుందో వెతకకండి. తల ఎత్తకండి. రెండు చేతులతో తల, మెడ వెనక భాగం కప్పుకుని, కేక వచ్చిన వైపుకు వీపు తిప్పి కూర్చోండి. పక్కన చెట్టో బండో ఉంటే దాని చాటుకు వెళ్లండి. సూపర్‌వైజర్లు ఇది పనిలో చేర్చుకున్న రోజునే, తెలుగులో, చేసి చూపించి చెప్పాలి. మిషను నడిపేవాళ్లకు హెల్మెట్ ఇవ్వాలి. వినపడని చోట పనిచేసేవాళ్ల దగ్గర జెండా పాతితే అది తీసేదాకా కొట్టకూడదన్న కట్టు పెట్టవచ్చు. పెద్ద ఖర్చేమీ కాదు.

కంటికి దెబ్బ తగిలితే నలపవద్దు, నీళ్లు కొట్టవద్దు, గుడ్డ పెట్టి నొక్కవద్దు. కాగితం గ్లాసు అడుగు భాగం కత్తిరించి కంటికి ఆనకుండా చుట్టూ ఎముక మీద నిలిచేలా పెట్టి, మెల్లగా కట్టి, ఆలస్యం లేకుండా కంటి ఆసుపత్రికి పోవాలి. మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. తలకు తగిలితే పైకి రక్తం కనపడకపోయినా ఆ రోజంతా మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. వాంతులు, మగత, తికమక మాటలు, తలనొప్పి పెరగడం, వీటిలో ఏది కనపడినా 108కి ఫోన్ చేయండి. కొట్టినవాళ్లు ఆట ఆపి దగ్గరే ఉండాలి. ఏ టీ నుంచి, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు అన్నది క్లబ్బు పుస్తకంలో ఆ పూటే రాయించాలి.

చివరగా మా ఇబ్రహీంపట్నం, ఆదిభట్ల ప్రాంతాల పురపాలకులకు, చుట్టుపక్కల సర్పంచులకు ఒక విన్నపం. రేపు ఎవరైనా ఆట మైదానానికో, నెట్లకో అనుమతి కోసం కాగితాలు పట్టుకొస్తే, పార్కింగు ఎంత, గేటు ఎటు అని అడుగుతారు కదా, వాటితోపాటు ఇంకొకటి అడగండి. బంతి ఎక్కడినుంచి కొడతారు, ఎటువైపు కొడతారు, దానికి కుడిపక్కన ఏముంది? మ్యాపు మీద వేలు పెట్టి చూపించమనండి. అక్కడ సాగర్ రోడ్డు ఉంటే, బడి ఉంటే, నాట్లు వేసే మడి ఉంటే, టీని ఇంకో చోటికి జరిపి మ్యాపు మళ్లీ గీసుకు రమ్మనండి. పచ్చిక వేయకముందు అది ఒక గీత చెరిపి ఇంకో గీత గీసే పని.